తిన్న ఉప్పుకు గడువు లేదా?

దసరా సెలవులు ముగిసిన వారంలో ఒక సాయంత్రం, అసర్ నమాజు తర్వాత, పాతబస్తీకి చెందిన ఒక ఉపాధ్యాయిని తన తమ్ముణ్ని వెంటబెట్టుకొని మా కార్యాలయానికి వచ్చారు. ఆమె పదకొండేళ్లుగా ఒకే ప్రైవేటు పాఠశాలలో గణితం బోధిస్తున్నారు. 3,500 రూపాయల జీతంతో చేరిన ఆమెకు ఇప్పుడు ముడుతున్నది 14,000 రూపాయలు. మరో పాఠశాల 22,000 ఇస్తానని పిలిచింది. ఉన్నపళంగా వెళ్లిపోవాలని ఆమె అనుకోలేదు. డిసెంబరు నెలాఖరుకు పదో తరగతి సిలబస్ పూర్తిచేసి, ఆ తర్వాతే వెళ్తానని రాజీనామా లేఖలోనే స్పష్టంగా రాశారు. కరస్పాండెంట్ ఆ లేఖను చదివి, మడిచి, ఆమె చేతికే తిరిగి ఇచ్చారట. చేరిన రోజున దాఖలు చేసిన పదో తరగతి, డిగ్రీ, బీఈడీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన బీరువాలోనే ఉన్నాయి. ‘‘పదకొండేళ్లు మా ఉప్పు తిన్నావు. ఇప్పుడు నమక్‌హరామీ చేస్తావా?’’ అన్నారట.

ఆమె సర్టిఫికెట్ల గురించి అడగడానికి వచ్చారనుకున్నాం. అడిగారు కూడా, కాని చివరన. మొదట అడిగింది ఇది: ‘‘భాయీసాబ్, నేను చేస్తున్నది ఖియానత్ అవుతుందా?’’

చట్టం గురించి అడిగితే పుస్తకం తీసి చెప్పగలం. ఈ ప్రశ్నకు అలా చెప్పలేకపోయాం. చాయ్ తెప్పించి కాసేపు కాలయాపన చేశామని ఒప్పుకోవడానికి మాకు సంకోచం లేదు. పదకొండేళ్లు నిజాయితీగా చాకిరీ చేసిన మనిషి, నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చే చోటికి వెళ్లడాన్ని పాపమేమోనని తనలో తానే శంకించుకోవలసిన స్థితి ఎందుకు వచ్చింది? ఆమె వెళ్లిన తర్వాత కూడా ఈ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఈ నెల ఈ పుటలను దానికే కేటాయిస్తున్నాం.

ఉప్పు మన ఇళ్లలో చాలా బరువైన మాట. నమక్‌హలాల్, నమక్‌హరామ్ అనే రెండు పదాల మధ్య ఒక మనిషి పరువంతా తూగుతుంది. తెలుగులో ఇదే భావానికి ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అనే నుడికారం ఉంది. ఈ నీతి పుట్టిన కాలంలో దానికి అర్థం లేకపోలేదు. సిపాయికి దొర తిండి పెట్టేవాడు, గుర్రానికి దాణా ఇచ్చేవాడు, యుద్ధంలో చనిపోతే పిల్లలకు ఏదో ఒక ఆధారం చూపించేవాడు. నిజాం కొలువులో సైనికులుగా చేరిన అరబ్బుల వారసులు హైదరాబాదు బార్కస్‌లో నేటికీ ఉన్నారు. ఆ వాడకు ఆ పేరు సైనికుల బ్యారక్‌ల నుంచే వచ్చింది. ఆనాటి వఫాదారీలో అన్యాయం లేదని మేము అనడం లేదు. అయితే దానికి రెండు కొసలుండేవి. సేవకుడు ఒక కొస పట్టుకుంటే, ఏలిక రెండో కొస పట్టుకోవలసి వచ్చేది. నేటి యజమాని తన కొసను ఎప్పుడో వదిలేశాడు. సేవకుడి చేతిలోని కొసను మాత్రం గట్టిగా లాగుతున్నాడు.

ఆ ఉపాధ్యాయిని విషయమే చూడండి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సంవత్సరం ఆమె పాఠశాల మూడు నెలలు సగం జీతం ఇచ్చి, మిగతా నెలలకు చేతులెత్తేసిందట. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించినప్పుడు, ఆ బియ్యం కోసం ఆమె రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడ్డారు. అదే సంవత్సరం, తమ్ముడి ఫోనులో, వంటింటి గోడకు ఆనించిన నల్లబల్ల మీద, పిల్లలకు త్రికోణమితి చెప్పారు. ఉప్పు లెక్క తీయవలసి వస్తే ఆ సంవత్సరం నుంచే తీయాలి. ఎవరు ఎవరి ఉప్పు తిన్నారో అప్పుడు తెలుస్తుంది. ఆమె చేరేనాటికి ఆ బడి రేకుల షెడ్డు, ఏడో తరగతి వరకే ఉండేది. నేడు మూడంతస్తుల భవనం, పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ, అందులో గణితంలో వచ్చిన మార్కులు పెద్ద అక్షరాల్లో. ఆ ఇంటి వాసాలు ఎత్తినవారిలో ఆమె కూడా ఒకరు. ఎత్తినవారు లెక్కపెడితే తప్పేమిటో మాకు బోధపడదు.

పని వదిలి వెళ్లడాన్ని నేరంగా చూసే బుద్ధి ఈ ఒక్క కరస్పాండెంట్‌ది కాదు. ఇది ఒకప్పుడు ఈ దేశంలో అక్షరాలా చట్టం. 1859లో బ్రిటిష్ ప్రభుత్వం కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల యజమానుల కోసం ఒక శాసనం చేసింది. బయానా తీసుకున్న పనివాడు పని మానేస్తే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు. డబ్బు తిరిగి కట్టాలి లేదా పని పూర్తి చేయాలి. రెండూ చేయకపోతే మూడు నెలల వరకు కఠిన కారాగారం. పనివాడికి జీతం ఎగ్గొట్టిన యజమానికి మాత్రం అలాంటి జైలు లేదు. ఆ శాసనాన్ని రద్దు చేయడానికి 1925 దాకా పట్టింది. నిజాం రాజ్యంలో దాని అవసరం కూడా రాలేదు. ఇక్కడ భగేలా ఉండేది. దొర దగ్గర అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా ఆ ఇంటి జీతగాడు, అప్పు తీరదు గనుక జీవితాంతం జీతగాడు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించిన పద్ధతుల పేర్లను వరుసగా పేర్కొంటుంది. అందులో భగేలా ఉంది, జీతా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మన ఊళ్లలో మాట్లాడిన మాటలు దేశ చట్టంలోకి ఎక్కాయంటే అది గర్వించవలసిన సంగతేమీ కాదు. రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించినదాన్ని ఇంగ్లీషు ప్రతిలో కూడా ‘బేగార్’ అనే మన మాటతోనే రాశారు. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం కూడా ఆ నిషేధం కిందికే వస్తుందని, ఆకలి బలవంతం కూడా బలవంతమేనని, 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

చట్టం చెప్పింది, కాలం మారింది. అయినా మన పాతబస్తీలో పేష్గీ మారలేదు. జరీ కార్ఖానాల్లో, గాజుల కార్ఖానాల్లో పెళ్లికో, జబ్బుకో తీసుకున్న పేష్గీ తీరేదాకా కారీగరు మరో కార్ఖానా గడప తొక్కలేడు. 2015 జనవరిలో గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా బాలలను విడిపించినప్పుడు, వారిలో అధికులు బిహారు నుంచి వచ్చిన పేద పిల్లలని తేలినప్పుడు, మనలో కొందరు వ్యాపారం పరువు పోయిందని బాధపడ్డారు. ఆ పిల్లల గురించి బాధపడినవారు తక్కువ. యజమానీ ముస్లిమే, బానిసా ముస్లిమే అయినప్పుడు మన గొంతు ఎందుకు సన్నగిల్లుతుందో ఆలోచించవలసి ఉంది.

ఇక్కడే మేము చెప్పదలచిన అసలు విషయానికి వస్తున్నాం. ఉద్యోగం వదలడం ఎవరికైనా కష్టమే. మనవారికి అది రెండింతల కష్టం. 2006లో సచార్ కమిటీ చెప్పినదాన్ని మన సభల్లో పదేపదే వల్లిస్తుంటాం: నెలజీతపు ఉద్యోగాల్లో ముస్లింల వాటా తక్కువ, సొంతంగా బండో దుకాణమో పెట్టుకొని బతికేవారి వాటా ఎక్కువ. దాని పర్యవసానం మాత్రం ఎక్కువగా మాట్లాడం. దొరకడం అరుదైన వస్తువు చేతికి దొరికితే మనిషి దాన్ని హక్కుగా చూడడు, దయగా చూస్తాడు. దయ చూపినవాణ్ని వదిలి వెళ్లడం కృతఘ్నత అనిపిస్తుంది. ఆ ఉపాధ్యాయిని ప్రశ్న వెనుక ఉన్నది ఇదే.

మాకు బాగా తెలిసిన ఒక యువకుడు మందుల టోకు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాడు. యజమాని హిందువు, మంచి మనిషి. ‘‘మావాళ్లు వద్దన్నా నిన్ను పెట్టుకున్నాను’’ అని చేరిన రోజున ఆప్యాయంగానే అన్నారు. ఆ మాట ఆరేళ్లుగా ఆ యువకుడి మెడలో ఉంది. శుక్రవారం జుమాకు పంపుతారు, రంజానులో సాయంత్రం తొందరగా వదులుతారు. ఎక్కువ జీతానికి వేరే చోటు నుంచి రెండుసార్లు పిలుపు వచ్చినా కదలలేదు. ‘‘నేను వెళ్తే ఆయన మరో ముస్లింను పెట్టుకోరు’’ అన్నాడు మాతో. ఈ భయం నిరాధారమని మేము చెప్పలేం. అద్దె ఇల్లు వెదికిన ప్రతి ముస్లింకూ ఆ భయం ఎక్కడిదో తెలుసు. ఒకడు చేసిన పని అందరి పద్దులో పడుతుంది. హిందూ గుమాస్తా మానేస్తే గుమాస్తా మానేశాడంటారు. మనవాడు మానేస్తే ‘వీళ్లింతే’ అంటారు. అయినా సరే, కోట్లాది జనం పరువును నెలకు 18,000 రూపాయల గుమాస్తా తన వెన్ను మీద మోయాలనడం ఏ న్యాయం? ఆ యజమాని మంచితనానికి కృతజ్ఞత చూపవలసిందే. పండుగకు వెళ్లి కలవాలి, ఆయన ఇంట్లో కష్టమొస్తే ముందుండాలి, ఆయన లెక్కల రహస్యాలు ఆయన దగ్గరే వదలాలి. కృతజ్ఞతను సంవత్సరాల్లో కట్టమంటే అది వడ్డీ అవుతుంది. వడ్డీ సంగతి మనకు వేరే చెప్పనవసరం లేదు.

పరాయివారి దగ్గర ఈ బరువు మాటల్లో దాగి ఉంటుంది. మనవారి దగ్గర బాహాటంగానే ఉంటుంది, పైగా దీన్ పేరు తగిలించుకొని. ‘ఖౌమ్ ఖిద్మత్’ అనే మాట ఎంత పవిత్రమైనదో, తక్కువ జీతానికి అంత సౌకర్యమైన ముసుగు. పాతబస్తీలోని అనేక బడులు మన ఆడపిల్లలను చదివించాయి, ఆ మేలు మరువం. అదే బడులు అదే ఆడపిల్లలను టీచర్లుగా పెట్టుకొని, ‘మీరు బయట ఎక్కడ పనిచేస్తారు, ఇక్కడైతే బురఖాకు గౌరవం ఉంది’ అని చెప్పి సగం జీతానికి కట్టిపడేశాయి. గౌరవం జీతంలో కోసుకునే వస్తువు కాదు. మస్జిద్ కమిటీల సంగతి మరీ దయనీయం. ఇమాంకు ఇచ్చే గది మస్జిద్‌కే అతుక్కొని ఉంటుంది. మానేయడమంటే నెల తిరగకముందే భార్యాబిడ్డలతో వీధిన పడటం. మెరుగైన జీతమిచ్చే మరో మస్జిద్‌కు వెళ్లిన ఇమాంను ‘దీన్‌ను అమ్ముకున్నాడు’ అని నిందించిన కమిటీ అధ్యక్షులను మేము ఎరుగుదుం. ఆ అధ్యక్షులవారు తమ దుకాణానికి ఎక్కువ అద్దె ఇచ్చేవాణ్ని వెదికేటప్పుడు ఏమి అమ్ముకున్నారో మాత్రం ఎవరూ అడగరు.

ఖియానత్ అవుతుందా అన్న ప్రశ్నకు జవాబు వెదుకుతూ మేము మళ్లీ చదువుకున్నది సూరయె ఖసస్‌లోని మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం. ఈజిప్టు నుంచి ప్రాణభయంతో పారిపోయి మద్యన్ చేరిన ఆయన, బావి దగ్గర ఇద్దరు యువతుల పశువులకు నీళ్లు తోడి పెట్టారు. వారిలో ఒకామె, బలమూ నమ్మకమూ ఉన్న ఈ మనిషిని కూలికి పెట్టుకోమని తండ్రికి సిఫారసు చేసింది. ఆ వృద్ధుడు మాట్లాడిన తీరు గమనించదగినది. ఎనిమిదేళ్లు అన్నాడు. పదేళ్లు పూర్తిచేస్తే అది నీ ఇష్టం అన్నాడు. నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదనీ చెప్పాడు. ఆయన ఆశ్రయమిచ్చినవాడు, అన్నం పెట్టినవాడు, పిల్లనిచ్చిన మామ. ఉప్పు లెక్కలో అంతకుమించిన యజమాని ఉండడు. అయినా గడువు ముందే తేలిపోయింది, అదనపు రెండేళ్లు పనివాడి ఇష్టానికే వదిలేయడం జరిగింది. గడువు తీరాక మూసా తన కుటుంబాన్ని తీసుకొని బయలుదేరారు. ఆ ప్రయాణంలోనే తూర్ కొండ పక్కన ఆయనకు నిప్పు కనిపించింది. మద్యన్‌లోనే జీవితాంతం ఉండిపోవడం వఫాదారీ అయితే ఆ కథ ముందుకు సాగేదే కాదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న ప్రవక్త (స) బోధను మన సభల్లో వినిపిస్తాం. పనికి గడువు ఉంటుందన్న ఈ పాఠం మాత్రం ఎందుకో ఎక్కడా వినిపించదు.

ఖియానత్ అనేది ఉంది. పని గంటల్లో పని చేయకపోవడం ఖియానత్. తాళాలు, లెక్కలు, ఖాతాదారుల వివరాలు ఎత్తుకొని పోవడం ఖియానత్. పరీక్షలకు పది రోజుల ముందు పిల్లలను నడి నీళ్లలో వదిలి వెళ్లడం కూడా మా దృష్టిలో అలాంటిదే. ఈ ఉపాధ్యాయిని ఫిబ్రవరిలో వెళ్తానని వచ్చి ఉంటే, రెండు నెలలు ఆగమని మేమే చెప్పేవాళ్లం. ఆమె ఆ ఆలోచన తానే ముందుగా చేశారు. వఫాదారీ అక్కడితో పూర్తయింది. ఆపైన అడిగేది హక్కు కాదు, దబాయింపు.

మెకానిక్ షెడ్లలో ఈ పీటముడి మరింత బిగుసుకుంటుంది. అక్కడ ఉన్నది యజమాని, నౌకరు కాదు, ఉస్తాద్, షాగిర్ద్. పన్నెండేళ్ల వయసులో ‘ఛోటూ’ అనే పేరుతో చేరినవాడు పదేళ్లలో ఇంజను విప్పి బిగించగలడు. ఆ విద్యను ఏ కళాశాలా ఇవ్వలేదు, ఉస్తాద్ ఇచ్చాడు, చాయ్ డబ్బులు తప్ప జీతం ఇవ్వకుండానే. చదువు పోగొట్టుకొని వచ్చిన ఆ బాల్యం గురించి చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. అలాంటి షాగిర్ద్ ఒక రోజు అదే రోడ్డులో, నాలుగు షెడ్ల అవతల, తన బోర్డు పెడితే ఉస్తాద్‌కు కడుపు మండదా? మండుతుంది. ఆ మంట మాకు అర్థమవుతుంది కూడా. విద్య ఇచ్చిన రుణం జీతమిచ్చిన రుణం లాంటిది కాదు, అది తీరదు. తీరని రుణాన్ని తీర్చమని ఒక మనిషిని కట్టేయడం వల్ల లాభం లేదు. ఉస్తాద్ ఫోనులోని గిరాకీలకు వాడు ఫోన్ చేయకుండా ఉంటే చాలు, పానాల పెట్టెలో ఆయన పానాలు ఆయనకు అప్పగిస్తే చాలు. మాకు తెలిసిన ఒక పెద్దాయన తన షాగిర్ద్ కొత్త షెడ్డుకు తానే వెళ్లి, తన పాత పానాల సెట్టు ఇచ్చి వచ్చారు. ‘‘నా చేతి పని అక్కడ కూడా నడుస్తోంది’’ అంటారు నవ్వుతూ. ఆయన షెడ్డు గిరాకీ తగ్గిందా అని అడిగాం. కొంచెం తగ్గిందన్నారు.

గల్ఫ్‌కు వెళ్లిన మనవారి సంగతి చెప్పకపోతే ఈ మాట అసంపూర్ణం. జగిత్యాల, నిజామాబాదు, కరీంనగర్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి, పాతబస్తీ నుంచి లక్షల మంది అక్కడ ఉన్నారు. కఫాలా అంటే అరబ్బీలో జామీను, పూచీ. అనాథను చేరదీసి పెంచడానికి కూడా అదే మాట వాడతారు. అంత మంచి మాట గల్ఫ్ దేశాల్లో పనివాడి పాస్‌పోర్టును కఫీల్ జేబులో పెట్టే పద్ధతికి పేరైంది. సౌదీలో పనివాడు మానేసి వెళ్తే కఫీల్ ‘హురూబ్’ అని, అంటే పారిపోయాడని, ఫిర్యాదు చేస్తాడు. జీతం రాక వెళ్లినవాడు కూడా ఆ ఒక్క మాటతో నేరస్థుడవుతాడు. మన 1859 శాసనం సముద్రం దాటి అక్కడ బతికే ఉంది. మార్పు రాలేదనలేం. ఖతర్ 2018లో అధిక సంఖ్యాకులకు, 2020లో ఇంటిపనివారికి కూడా ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది. 2020లోనే పాత యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది. సౌదీ 2021 మార్చిలో సంస్కరణ తెచ్చింది, కాని ఇళ్లలో పనిచేసే డ్రైవర్లూ పనివారూ దాని పరిధిలోకి రాలేదు. మనవారిలో ఎందరో ఆ పనుల్లోనే ఉన్నారు. కువైట్ అయితే వెనక్కి నడిచింది. 2025 జులై 1 నుంచి ప్రైవేటు రంగంలోని విదేశీ కార్మికుడు సెలవు మీద ఇంటికి రావాలన్నా యజమాని అనుమతి తీసుకోవాలి. తల్లి మయ్యిత్‌కు రావడానికి కూడా అనుమతే. ముస్లిం దేశాలన్న గౌరవంతో మనం ఈ విషయం మీద మాట్లాడటానికి జంకుతున్నాం. ఆ జంకు మనకు తగదు. కఫీల్ ఐదు పూటలా నమాజు చేస్తాడా లేదా అన్నది అతనికీ అల్లాహ్‌కూ మధ్య విషయం. పాస్‌పోర్టు ఎవరి జేబులో ఉందన్నది మన విషయం.

తిరిగి ఇక్కడి చట్టానికి వస్తే, ఉద్యోగం మానదలచినవారికి ఉపయోగపడే కొన్ని సంగతులు చెప్పవలసి ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లోగా ఇచ్చివేయాలి. గ్రాట్యుటీ విషయంలో మన టీచర్లలో చాలామందికి అసలు తమకు అది వర్తిస్తుందనే తెలియదు. పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థలో ఐదేళ్లు నిండినవారికి, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కించి ఇవ్వాలి. ప్రైవేటు టీచర్లకు వర్తించదని వాదించిన యాజమాన్యాల నోరు మూయిస్తూ 2009లో సవరణ వచ్చింది, 1997 ఏప్రిల్ నుంచి వర్తించేలా. దానిమీద యాజమాన్యాలు వేసిన కేసులను సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో కొట్టేసింది. మా ఉపాధ్యాయిని విషయంలో లెక్క వేశాం. 14,000ను 26తో భాగించి, 15తో, ఆపై 11 ఏళ్లతో హెచ్చిస్తే 88,846 రూపాయలు. ఆమె ఆ అంకెను రెండుసార్లు చూసుకొని, గణితం టీచర్ కదా, కాగితం మీద తానే మళ్లీ వేశారు. సరిగ్గానే వచ్చింది.

రాజీనామాను చేతికి తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోవాలి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు గానీ, సంతకం చేసిన ఖాళీ చెక్కు గానీ ఎవరికీ ఇవ్వవద్దు. చూపించి నకళ్లు ఇస్తే చాలు. సర్టిఫికెట్ చదివినవారి సొత్తు. దాన్ని తాకట్టుగా ఉంచుకునే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. ఉద్యోగం మానిన తర్వాత ఫలానా పని చేయకూడదని, ఫలానా చోట చేరకూడదని రాయించుకున్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. అయితే ఒక హెచ్చరిక. కనీసం ఇన్నేళ్లు పనిచేస్తానని, లేకుంటే ఇంత కడతానని రాసిన బాండు సంగతి వేరు. మూడేళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అందుచేత సంతకానికి ముందు చదవండి. చదివి సంతకం పెట్టిన మాటను నిలుపుకోవడం కూడా అమానత్‌లో భాగమే. చదవనివ్వకుండా పెట్టించుకున్న సంతకం మీద మాకు వేరే అభిప్రాయం ఉంది.

మా సలహా మేరకు ఉపాధ్యాయిని లేఖను పోస్టులో పంపారు. వారం తర్వాత మొహల్లా పెద్ద ఒకరు కరస్పాండెంట్‌తో మాట్లాడటానికి వెళ్లారు. ఏమి మాట్లాడుకున్నారో మాకు తెలియనివ్వలేదు. డిసెంబరు 31న, చివరి పీరియడ్ తర్వాత, అటెండరు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్లాడట. అందులో మూడు సర్టిఫికెట్లూ ఉన్నాయి. పదో తరగతి మెమోకు ఎడమ అంచున ఫైలు కోసం గుచ్చిన రెండు రంధ్రాలు ఉన్నాయి. అనుభవ ధ్రువపత్రం లేదు. గ్రాట్యుటీ దరఖాస్తు ఆమె మా బల్ల దగ్గరే కూర్చొని నింపారు. దానికి యాజమాన్యానికి ఉన్న ముప్పై రోజుల గడువు ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి ఇంకా ముగియలేదు.

కొత్త బడిలో ఆమెకు ఎనిమిదో తరగతి ఇచ్చారు. పాత బడి పదో తరగతి పిల్లలు ఆదివారాల్లో సందేహాలు పట్టుకొని ఇంటికి వస్తున్నారు. చెప్పవచ్చా, కూడదా అని మళ్లీ మమ్మల్ని అడిగారు. ఈసారి చాయ్ తెప్పించకుండానే జవాబు చెప్పాం.